జూన్ నెల పనిమంతులు

తెలుగువాళ్ళ ఇళ్ళలో జూన్ నెల ఒక్కసారిగా మీద పడుతుంది. ఆవకాయ జాడీలకు వాసెన కట్టి అటక ఎక్కించామో లేదో, 12వ తేదీ ప్రాంతంలో బడులు తెరుస్తారు. పుస్తకాలకు అట్టలు వెయ్యాలి, పేర్ల చీటీలు అంటించాలి, కిందటేడు లాగూ అంచు విప్పి దించి కుట్టాలి, బూట్లు ఎటూ పట్టవు కాబట్టి కొత్తవి కొనాలి. రోహిణి ఎండ పోయి మృగశిర చల్లబడగానే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. చంటిబిడ్డ ఉన్న ఇల్లయితే అన్నప్రాశన కూడా ఈ హడావుడిలోనే వచ్చి పడుతుంది.

మా ఇంట్లో ముగ్గురు. పెద్ద మనవరాలికి ఆరేళ్ళు దాటాయి. మనవడికి నాలుగు నిండి ఐదు నడుస్తోంది, ఈ ఏడే బళ్ళో వేశారు. చంటిదానికి ఆరో నెల. "మామయ్యగారూ, పొద్దున్న లేచింది మొదలు నాకు నడుం వాల్చే తీరిక లేదు. వీళ్ళకేం, తింటున్నారు, ఏడుస్తున్నారు, పడుకుంటున్నారు" అంది కోడలు. ఆ అమ్మాయి అలసట నేను చూస్తూనే ఉన్నాను. చేతనైన సాయం చేస్తున్నాను కూడా. కానీ పిల్లలు ఊరికే ఉన్నారన్న మాట మాత్రం ఒప్పుకోలేను. ఈ ఇంట్లో రాత్రీ పగలూ తెరిపి లేకుండా పని జరుగుతున్నది ఆ ముగ్గురి ఒళ్ళలోనే. మనల్ని విసిగించే వాళ్ళ పేచీల్లో చాలావాటికి మూలం ఆ పనే. అదేమిటో తెలిస్తే కసురుకోబోయిన నోరు చాలాసార్లు ఆగుతుంది.

ముందు చంటిదాని నిద్ర. భుజాన వేసుకుని తిప్పినంతసేపూ హాయిగా పడుకుంటుంది. ఉయ్యాల్లో వెయ్యబోతే వీపు గుడ్డకు తగలకముందే కళ్ళు విప్పుతుంది. చూడవచ్చినవాళ్ళల్లా "ఎత్తుకోవడం అలవాటు చేసి చెడగొట్టారు" అంటారు. నన్నడిగితే ఆ మాట బిడ్డకూ అన్యాయం, తల్లికీ అన్యాయం. జపాన్‌లో రికెన్ అనే పరిశోధన సంస్థలో కుమి కురోదా బృందం 2013లో ఈ సంగతి కొలిచి చూసింది. తల్లి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూచున్నప్పటికన్నా, ఎత్తుకుని నడిచినప్పుడు బిడ్డ గుండె వేగం కొద్ది సెకన్లలోనే నెమ్మదిస్తుంది. కాళ్ళూ చేతులూ ఆడించడం తగ్గుతుంది, ఏడుపు ఆగుతుంది. చిట్టెలుక పిల్లను మెడ వెనక చర్మం పట్టి ఎత్తినా అంతే, కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. ఆపద వచ్చి తల్లి పిల్లను తీసుకుని పరుగెత్తే వేళ పిల్ల గింజుకుంటే ఇద్దరికీ ప్రమాదమే కదా. ఎత్తుకు నడిస్తే ఊరుకోవడం మనిషి పుట్టక ముందునుంచీ పాలిచ్చే జంతువుల ఒంట్లో ఉన్న ఏర్పాటన్నమాట.

2022లో అదే బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే ఏడుపు ఆగింది, సగానికి కాస్త తక్కువమంది నిద్రపోయారు కూడా. అలా నిద్రపోయినవాళ్ళను పక్క మీద వేస్తే మూడోవంతుకు పైగా ఇట్టే లేచారు. ఎప్పుడు లేచారో చూడండి. వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటినుంచి విడదీస్తున్నప్పుడే గుండె వేగం పెరిగింది. అందుకని వాళ్ళు చెప్పిన పద్ధతి ఇది: ఐదు నిమిషాలు నడవండి, బిడ్డ నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కదలకుండా ఒళ్ళో పెట్టుకుని కూచోండి, నిద్ర గాఢమయ్యాక పక్క మీద వెయ్యండి. మా ఆవిడ వసారాలో పచార్లు చేసి, పడక్కుర్చీలో కాసేపు కూచుని, అప్పుడు లేచి ఉయ్యాల్లో వేస్తుంది. మా కోడలికి లేనిది ఆ పడక్కుర్చీలో కూచునే తీరికే. అందుకే ఈ నెల అట్టలు వేసే పని నేను తీసుకున్నాను.

అన్నప్రాశన సంగతికి వద్దాం. ఆరో నెల ఆరో రోజని పెద్దలు పెట్టిన లెక్కా, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు, ఆ తర్వాత పాలు ఇస్తూనే మెత్తటి తిండి మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ గడువుకు ఒక కారణం ఇనుము. కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లో బిడ్డ తల్లి దగ్గర్నుంచి ఇనుము తీసుకుని దాచుకుంటుంది. తల్లిపాలలో ఇనుము కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఈ దాచుకున్నదే ఖర్చవుతూ వస్తుంది, ఆరు నెలలు దాటేసరికి అడుగంటుతుంది. ఆ తరవాత బయటి తిండిలోంచి రావలసిందే.

తిండి అనగానే రాగి జావ. ఉత్తరాంధ్రలో చోళ్ళన్నా, తెలంగాణలో తైదలన్నా అవే గింజలు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండా సున్నం, అంటే కాల్షియం ఉంటుంది. మనం తినే ధాన్యాల్లో ఇంత ఉన్నది ఇంకోటి లేదు. అయితే జావలో ఒక చిక్కుంది. పిండిని నీళ్ళలో ఉడికిస్తే అందులోని పిండిపదార్థపు రేణువులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, జావ గట్టిపడుతుంది. చంటిపిల్ల మింగలేదని ఇంకాస్త నీళ్ళు పోస్తాం. జావ జారింది, కానీ అందులో పిండి పల్చబడిపోయింది. ఆరు నెలల పిల్ల పొట్టలో పూటకు పట్టేది 200 మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ. ఆ కాస్త చోటూ నీళ్ళతో నిండిపోతే పిల్లకు కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది మాత్రం తక్కువ. తల్లేమో "గిన్నెడు జావ తాగింది, అయినా బరువు పెరగలేదు" అని బెంగ పెట్టుకుంటుంది.

దీనికి విరుగుడు మొలకల్లో ఉంది. రాగుల్ని రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూట కడితే ఒకటి రెండు రోజుల్లో తెల్లటి మొలకలు వస్తాయి. గింజ మొలకెత్తాలంటే తనలో దాచుకున్న పిండిని చక్కెరలుగా విడగొట్టుకోవాలి. అందుకోసం అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. మొలకల్ని ఎండబెట్టి, సన్నటి సెగ మీద కాస్త వేయించి పిండి పట్టించినా ఆ ఎంజైము అందులోనే ఉంటుంది. మాడ్చితే మాత్రం పోతుంది. ఇప్పుడు మామూలు పిండితో చెంచా నిలబడేంత చిక్కగా జావ కాచి దించండి. పొగలు తగ్గాక చెంచాడు మొలకల పిండి వేసి కలపండి. మీ కళ్ళముందే పది నిమిషాల్లో జావ జారుతుంది, చుక్క నీరు పొయ్యకుండానే. పిండి ఎంత వేశారో అంతా గిన్నెలోనే ఉంది. దాన్ని మళ్ళీ ఒక్క పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి, పచ్చిపిండిలో ఉండే క్రిములు పోతాయి. బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం 1980ల్లో ఈ మొలకల పిండి మీద చాలా పని చేసింది. మా మనవరాలు ఈ వింత చూడ్డానికి గిన్నె పక్కన కూచుంది. "తాతయ్యా, పిండిని ఎవరు తింటున్నారు?" అనడిగింది. ఇంతకన్నా మంచి ప్రశ్న నేనూ వెయ్యలేను.

మొలకెత్తించడం వల్ల ఇంకో లాభం. గింజల్లో ఇనుమును పట్టి ఉంచి ఒంటికి అందనివ్వని ఫైటేటు అనే పదార్థం మొలకెత్తినప్పుడు తగ్గుతుంది. పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండినా ఇనుము బాగా పడుతుంది. జూన్ కాబట్టి బంగినపల్లి గుజ్జు కూడా నాలుగు చెంచాలు పెట్టవచ్చు. ఆ గుజ్జులోని పసుపురంగు పదార్థం ఒంట్లో ఎ విటమిన్‌గా మారుతుంది. ఎ విటమిన్ చాలక పిల్లల చూపు పోతున్న రోజుల్లో, 1918లో కూనూరులో పుట్టి తర్వాత హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ చేసిన పనివల్లే, ఆరు నెలలకోసారి ఎ విటమిన్ చుక్కలు వేసే కార్యక్రమం 1970లో మొదలైంది. అంగన్‌వాడీలో ఆ చుక్కలు వేస్తామంటే తప్పించకండి. ఒక్క మాట గట్టిగా చెబుతాను: ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు. తేనెలో ఉండే ఒక రకం క్రిముల బీజాలు పెద్దవాళ్ళనేమీ చెయ్యవు కానీ, పసిపిల్లల పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబడేసే విషాన్ని తయారు చేస్తాయి.

మనవడి సంగతి వేరు. వాడు బక్కపలచన, కిందటేడు చొక్కా ఇంకా పడుతోంది. పొద్దస్తమానం ఏదో ఒకటి తింటూనే ఉంటాడు, తిన్నదంతా ఎటు పోతోందని వాళ్ళమ్మ బాధ. మెదడుకి పోతోంది. క్రిస్టఫర్ కుజావా అనే మానవశాస్త్రవేత్త, ఆయన సహచరులు 2014లో ఈ లెక్క కట్టారు. పెద్దవాళ్ళ ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో మెదడు వాటా అయిదో వంతు. నాలుగైదేళ్ళ పిల్లల్లో అది ఒంటి మొత్తం ఖర్చులో దాదాపు 43 శాతం. మెదడు ఎక్కువ తినే వయసులోనే ఒళ్ళు నెమ్మదిగా పెరుగుతుంది. ఇల్లు కట్టిస్తున్న ఏడాది డబ్బంతా మేస్త్రీకే పోయి మిగతా ఖర్చులు బిగబట్టుకున్నట్టే. మాటలు, మనుషుల ముఖాలు, మెట్లు దిగడం, బొత్తాలు పెట్టుకోవడం, అన్నిటికీ తీగలు అల్లుకుంటున్నది ఇప్పుడే. పైగా ఆ వయసు పిల్లల కాలేయంలో దాచుకునే చక్కెర నిల్వ చిన్నది, రాత్రి తిన్నది తెల్లారేసరికి దాదాపు అయిపోతుంది. అందుకే ఏడున్నరకే వ్యాను వస్తుందని ఖాళీ కడుపుతో ఎక్కించవద్దంటాను. రెండు ఇడ్లీలో, పెరుగు కలిపిన చద్దన్నమో, ఏదైనా సరే కడుపులో పడాలి.

వాడికి ఈ నెలలో వచ్చిన పెద్ద తగాదా పాలగ్లాసుల మీద. వాడికి వెడల్పు గ్లాసు, అక్కకు పొడుగాటి సన్న గ్లాసు. కొలత ఒక్కటే. "అక్కకే ఎక్కువ పోశావు" అని రోజూ ఏడుపు. వాడి ముందే కొలిచి పోసినా నమ్మడు. అది మొండితనం కాదు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే చిన్నపిల్లల ఆలోచన తెలుసుకోవడానికి సరిగ్గా ఇదే పరీక్ష పెట్టేవాడు. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమంగా నీళ్ళు పోసి, పిల్లవాడు సమానమే అని ఒప్పుకున్నాక, ఒకదానిలోవి సన్నటి గ్లాసులోకి ఒంపుతాడు. నాలుగైదేళ్ళవాడు ఎత్తు చూసి, ఇందులో ఎక్కువున్నాయి అంటాడు. ఎత్తు పెరిగింది, వెడల్పు తగ్గింది అని రెండూ కలిపి ఆలోచించడం ఏడేళ్ళ ప్రాంతంలో వస్తుంది. ఆలోపు ఎంత చెప్పినా వాడి కంటికి కనబడేదే వాడికి నిజం. మా ఇంట్లో ఇద్దరికీ ఒకే రకం గ్లాసులు పెట్టాం, తగాదా తీరింది.

పెద్దదానికి కింది వరసలో ముందుపన్ను ఊడింది. మనవైపు ఊడిన పాలపన్ను పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరడం అలవాటు. విసిరే ముందు అరచేతిలో పెట్టుకుని చూడమన్నాను. అడుగున వేరు లేదు. పుట్టుకతో లేక కాదు. కిందనుంచి కొత్త పన్ను పైకి వస్తున్నకొద్దీ, చిగురు లోపల ప్రత్యేకమైన కణాలు చేరి పాలపన్ను వేరును కొద్దికొద్దిగా కరిగిస్తాయి. పట్టు పోయాక పన్ను ఊగుతుంది, ఊడుతుంది. అంత పని నోట్లో నెలల తరబడి జరిగినా పిల్లకు పెద్దగా నొప్పి తెలియదు.

పాలపళ్ళలో ఇంకో విశేషముంది. వాటి పింగాణీ పొర కడుపులో ఉండగానే కట్టడం మొదలవుతుంది, పుట్టాక ముగుస్తుంది. బిడ్డ పుట్టిన ఘడియలో ఒళ్ళు పడిన కుదుపుకు ఆ పొరలో ఒక సన్నగీత పడుతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ప్రతి పాలపంటిలోనూ ఆ గీత కనిపిస్తుంది. ఆ పిల్ల పుట్టినరోజు దాని నోట్లోనే రాసి ఉందన్నమాట. ఈ మాట చెబితే మనవరాలు పన్ను విసరనంది, అగ్గిపెట్టెలో దాచుకుంది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసింది దీనికన్నా ముఖ్యమైనది ఒకటి ఉంది. ఆరేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళన్నిటికీ వెనక, చప్పుడు చెయ్యకుండా ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. ఏదీ ఊడకుండా వస్తుంది కాబట్టి అందరూ దాన్ని పాలపన్నే అనుకుంటారు, పుచ్చినా ఊడిపోయేదేగా అని ఊరుకుంటారు. అది ఊడేది కాదు, జీవితాంతం నమిలేది దాంతోనే. దాని కట్టుబడి పాప పుట్టినప్పుడే మొదలైంది. రాత్రి పడుకోబోయే ముందు బ్రష్షు అక్కడిదాకా వెళ్ళాలి, ఆ వయసులో పిల్లల చెయ్యి అంత లోపలికి సరిగ్గా ఆడదు కాబట్టి పెద్దవాళ్ళే తోమాలి. కొందరికి పాలపన్ను ఊడకముందే దాని వెనక కొత్త పన్ను మొలుస్తుంది, రెండు వరసలు చూసి కంగారు పడతారు. కింది ముందుపళ్ళకు ఇది తరచుగా జరిగేదే. పాలపన్ను ఊడాక నాలుక నెట్టుతుంటే కొత్తది ముందుకు సర్దుకుంటుంది. నెలలు గడిచినా పాతది ఊగకపోతే పళ్ళ డాక్టరుకు చూపించండి.

ఈ నెల నేరేడు పళ్ళది కూడా. బడి తెరిచిన వారంలోనే తెల్లచొక్కా మీద ఊదా మరకలు వచ్చాయి. సబ్బు రాస్తే మరక నీలం వైపు తిరిగింది, నిమ్మచెక్క రుద్దితే మళ్ళీ ఎర్రబారింది. ఆ రంగు పదార్థం పులుపులో ఒక తీరుగా, క్షారంలో ఇంకో తీరుగా మారుతుందని పిల్లలిద్దరూ చొక్కా మీదే నేర్చుకున్నారు. తొలకరి పడ్డ సాయంత్రం మట్టి వాసనకు ఇద్దరూ బయటికి ఉరికారు. ఆ వాసన మట్టిలోని సూక్ష్మజీవులు తయారు చేసే జియోస్మిన్‌ది. వాన చినుకు పడినప్పుడు చిన్న గాలిబుడగలు పైకి చిట్లి దాన్ని గాల్లోకి ఎగజిమ్ముతాయి. మనిషి ముక్కు దాన్ని ఎంత కొంచెమున్నా పట్టేస్తుంది.

ఇక జలుబు. ఇది రాని ఇల్లుండదు, దీని గురించి అనవసరంగా భయపడేవాళ్ళూ, అవసరమైనప్పుడు తాత్సారం చేసేవాళ్ళూ ఇద్దరూ ఉన్నారు. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చెయ్యడం మామూలే, బడిలో కొత్తగా చేరిన ఏడాది ఇంకా ఎక్కువ. జలుబు తెచ్చే వైరస్‌లలో ఒక్క రైనోవైరస్‌లోనే 150కి పైగా రకాలున్నాయి. ఒక రకంతో పోరాడి నేర్చుకున్నది ఇంకో రకానికి పెద్దగా అక్కరకు రాదు. తల్లి కడుపులో ఉండగా ఇచ్చిన రక్షక పదార్థాలు బిడ్డ రక్తంలో ఆరు నెలలయ్యేసరికి చాలావరకు తరిగిపోతాయి. సరిగ్గా అప్పుడే అన్నయ్య బడినుంచి జలుబు తెచ్చి చెల్లికి అంటిస్తాడు. బిడ్డ ఒంటికి ఒక్కొక్కటీ కొత్త పాఠమే, నేర్చుకోక తప్పదు. "మా పిల్లకు ఒంట్లో శక్తి లేదు" అని ఏ తల్లీ కుమిలిపోనక్కర్లేదు.

రెండు మూడు రోజులకు చీమిడి పచ్చబడగానే యాంటీబయాటిక్ కోసం మందులషాపుకు పరుగెత్తేవాళ్ళున్నారు. ఆ ఆకుపచ్చ మన ఒంటిదే. పోరాడటానికి వచ్చిన తెల్లరక్తకణాల్లో ఇనుము ఉన్న ఒక ఎంజైము ఉంటుంది, దాని రంగే ఆకుపచ్చ. రంగు మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అక్కర్లేదు, వైరస్ మీద అది పని చెయ్యదు కూడా. నాలుగేళ్ళలోపు పిల్లలకు జలుబు మందుల మిశ్రమాల్లో ఒక రకం వాడవద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. డాక్టరు రాయకుండా దగ్గుమందు సీసా ఏదీ మూత తియ్యవద్దు. చంటిబిడ్డ పడుకున్నప్పుడు నిమిషంపాటు గడియారం చూసుకుంటూ ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ళలోపు పిల్లలకు 40, లేదా అంతకు మించి ఉంటే, ఊపిరి తీసినప్పుడు డొక్క లోపలికి గుంజుకుంటుంటే, పాలు తాగడం మానేస్తే, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. మూడు నెలలు నిండని పసికందుకు 38 డిగ్రీల సెంటిగ్రేడ్ జ్వరం వచ్చినా అంతే.

నెలాఖరుకి కోడలు ఒక చిన్న జుబ్బా తెచ్చి చూపించింది. "మామయ్యగారూ, మొన్న ఆదివారం వేశాను, సరిపోయింది. ఇవాళ పట్టడం లేదు. నేను చెబితే మీ అబ్బాయి నవ్వుతున్నారు" అంది. నవ్వవలసిందేమీ లేదు. 1992లో మిషెల్ లాంపుల్ అనే అమెరికా శాస్త్రవేత్త పసిపిల్లల పొడవును జాగ్రత్తగా, కొందరిని రోజూ, కొలిచి సైన్స్ పత్రికలో రాసింది. పిల్లలు రోజూ ఇంత ఇంత అని పెరగరు. చాలా రోజులు అసలేమీ పెరగరు. ఉన్నట్టుండి ఒకసారి అర సెంటీమీటరు, ఒక్కోసారి రెండుకు పైగా పెరిగి, మళ్ళీ ఆగిపోతారు. అలా పెరిగే రోజులకు అటూ ఇటూగా ఎక్కువ నిద్రపోతారని తరవాత ఆవిడే చూపించింది. జుబ్బా సంగతి వాళ్ళమ్మే ముందు కనిపెట్టింది.

పెద్దపిల్లల్ని గోడకు నిలబెట్టి గీత గీసేవాళ్ళు పొద్దున్న లేవగానే గీయండి. పగలంతా వెన్నెముక పూసల మధ్య మెత్తలు నలిగి, సాయంత్రానికి ఎత్తు సెంటీమీటరు దాకా తగ్గుతుంది. మడమలూ పిర్రలూ తలా గోడకు ఆనాలి, తలమీద అట్ట అడ్డంగా పెట్టి గీయాలి, పక్కన తేదీ వెయ్యాలి. నాలుగేళ్ళు దాటాక పిల్లలు ఏడాదికి 5 నుంచి 6 సెంటీమీటర్లు పెరుగుతారు. వచ్చే జూన్‌లో కొలిచినప్పుడు ఐదు కూడా రాకపోతే, బక్కగా ఉన్నాడా బొద్దుగా ఉన్నాడా అని చూడకుండా, ఆ రెండు గీతల లెక్క కాగితం మీద రాసుకుని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.